లంకకు బయల్దేరే ముందు గాలి ఎటు వీస్తుందో చూడండి

(ప్రయాణాలంటే ఇష్టపడే కొందరు నెల్లూరులో కలిసి పెట్టుకున్న సభలో, జూనియర్ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, వాటికి ఆమె చెప్పిన జవాబులు కూడా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

శ్రీలంకకు ఏ నెలలో వెళ్తే బాగుంటుందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగిన వాళ్ళందరినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను. లంకలో ఎటువైపు వెళ్తారు? పడమటి ఒడ్డుకా, తూర్పు ఒడ్డుకా, కొండల మీదికా? అది తేలకుండా నెల చెప్పడం కుదరదు. ఆ దేశంలో ఒక మూల కుండపోతగా వాన పడే రోజునే ఇంకో మూల చెరువు అడుగు కనిపిస్తూ, ఏనుగులు మిగిలిన నీళ్ళ చుట్టూ చేరుతుంటాయి. రెండూ ఒకే దేశం, ఒకే రోజు. మధ్యలో బస్సు ప్రయాణం ఒక పూట.

ఈ సంగతి వేరే ఊళ్ళో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పుకురావాలి. నెల్లూరులో ఆ అవసరం లేదు. ఆ వాతావరణంలో సగం మనదే కాబట్టి.

మన ఊరి నుంచి పటం మీద తిన్నగా దక్షిణానికి ఒక గీత గీయండి. అది సూళ్ళూరుపేట మీదుగా, చెంగల్పట్టు మీదుగా పోయి సముద్రంలో దిగుతుంది. మళ్ళీ నేల తగిలేది జాఫ్నా దగ్గర. నెల్లూరు, జాఫ్నా రెండిటి రేఖాంశం దాదాపు ఒకటే, 80 డిగ్రీలు. కాకి దూరం లెక్కేస్తే నెల్లూరు నుంచి జాఫ్నా సుమారు 530 కిలోమీటర్లు. శ్రీకాకుళం దాదాపు 600. మన రాష్ట్రం కొస కన్నా జాఫ్నాయే మనకు దగ్గర. వానల సంగతిలో అయితే ఇంకా దగ్గర.

మన వాన గురించి ఒక్క నిమిషం మాట్లాడుకుందాం. జూన్ మొదట్లో కేరళకు ఋతుపవనాలు వచ్చాయని టీవీలో చెప్తారు. మనం ఇక్కడ రోహిణి కార్తె ఎండలో ఉడికిపోతుంటాం. ఆ తర్వాత తెలంగాణలో తొలకరి పడుతుంది, గోదావరి జిల్లాల్లో నారుమళ్ళు పోస్తారు, మన దగ్గర మాత్రం పడమటి గాలి కొడుతూనే ఉంటుంది. ఆ గాలి అరేబియా సముద్రం మీద బయల్దేరినప్పుడు తడిగాలే. పడమటి కనుమల దగ్గర తనలో ఉన్న నీళ్ళన్నీ కురిసేసి, రాయలసీమ దాటి, వెలికొండలు దిగి మన మీదికి వచ్చేసరికి ఒట్టి పొడిగాలి. కొండ దిగే గాలి ఒత్తిడికి ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. ఉదయగిరి వాళ్ళనడగండి, కనిగిరి, పొదిలి వాళ్ళనడగండి. ఆ గాలికి వాకిట్లో ఆరేసిన చీర పావుగంటలో పెళపెళలాడుతుంది.

మన అసలు వాన ఈశాన్యం నుంచి వస్తుంది. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. స్వాతి, విశాఖ కార్తెల్లో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, చెరువు కట్ట మీదికి పోయి చూసొస్తాం. 2021 నవంబరులో పెన్నా ఎలా వచ్చిందో మీకందరికీ గుర్తుంది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, రైళ్ళు ఆగిపోయాయి, కోవూరు వైపు హైవే మీద రాకపోకలు లేవు.

ఇప్పుడు లంకకు వద్దాం. లంక ఉత్తర భాగం, తూర్పు భాగం అచ్చం మనలాంటివే. అక్కడా నవంబరు చుట్టూనే పెద్ద వానలు, జూన్‌లో పొడి పడమటి గాలి. నైరుతి భాగం, అంటే కొలంబో నుంచి గాలె దాకా ఉన్న ఒడ్డు, దాని వెనక కొండల వాలు, ఇదంతా కేరళ తీరు. ఒక చిన్న దీవిలో నెల్లూరూ కేరళా పక్కపక్కన ఉన్నాయి. చిన్న దీవి అని ఊరికే అనడం లేదు. వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 430 కిలోమీటర్లు, వెడల్పు 225 దాటదు.

అంత చిన్నచోట ఇంత తేడా ఎందుకొచ్చింది? దీవి నడిమికి కాస్త దక్షిణంగా కొండలున్నాయి. అన్నిటికన్నా ఎత్తయిన పిదురుతలగల 2,524 మీటర్లు. నువర ఎలియ ఊరే 1,868 మీటర్ల ఎత్తున ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి సముద్రం మీద నీళ్ళు నింపుకొని వచ్చి ఈ కొండలకు కొట్టుకుంటుంది, పైకెక్కుతుంది, చల్లబడుతుంది, తడిగుడ్డను పిండినట్టు ఉన్న నీళ్ళన్నీ పడమటి వాలు మీదే కారిపోతాయి. ఆ వాలు మీద కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన కురుస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేది పొడిగాలే. బట్టికలోవా వైపు తమిళులు దాన్ని కచ్చాన్ అంటారు. మన పడమటి గాలికి ఇది తోడబుట్టింది, కారణం కూడా అదే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కథ తిరగబడుతుంది. గాలి ఈశాన్యం నుంచి, మన బంగాళాఖాతం మీదుగా వస్తుంది. తూర్పు, ఉత్తరం తడుస్తాయి, పడమటి ఒడ్డు తేటపడుతుంది.

అక్కడి వాళ్ళు దేశాన్ని వానను బట్టే విడదీసి చూస్తారు. ఏడాదికి 2,500 మిల్లీమీటర్లు దాటితే తడి ప్రాంతం, 1,750 లోపైతే పొడి ప్రాంతం, నడుమ ఉన్నది మధ్యస్థం. దీవిలో దాదాపు మూడింట రెండు వంతులు పొడి ప్రాంతమే. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. ఫొటోల్లో చూసే పచ్చదనమంతా నైరుతి మూలది. హంబన్‌తోట, మన్నార్ వైపు పోతే ఏడాది వాన వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ, తుమ్మచెట్లు, ముళ్ళపొదలు, ఉప్పుకొఠార్లు. మన ఇస్కపల్లి ఉప్పుకొఠార్లు చూసిన కళ్ళకు హంబన్‌తోట కొత్తగా ఉండదు.

ఇంకొకటి. మనకున్నట్టు అక్కడ చలికాలం, ఎండాకాలం అన్న తేడా పెద్దగా లేదు. భూమధ్యరేఖకు దగ్గర. కొలంబోలో అతి వేడి నెలకూ అతి చల్లని నెలకూ సగటున రెండు మూడు డిగ్రీలే తేడా. చల్లదనం కావాలంటే నెల మార్చి లాభం లేదు, ఎత్తు ఎక్కాలి. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. నువర ఎలియ సగటు 16 డిగ్రీలు. కాబట్టి లంకలో సీజన్ అంటే వేడీ చలీ లెక్క కాదు, వానా గాలీ లెక్క.

రెండు వాతావరణాలు పక్కపక్కన ఉన్నాయన్నాను కదా. అది కళ్ళారా చూడదగిన చోటు ఒకటుంది. క్యాండీ నుంచి బదుళ్ళకు పోయే రైలు నాను ఓయ దాటాక పట్టిపోల అనే స్టేషన్ వస్తుంది. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్టేషన్ అదే, దాదాపు 1,890 మీటర్లు. దాటగానే ఒక సొరంగం, ఆ తర్వాత ఓహియ. నేను జూన్‌లో వెళ్ళాను. పట్టిపోల దగ్గర కిటికీ అద్దం మీద నీళ్ళు, బయట తెల్లటి పొగమంచు, ఎదుటి చెట్టు కూడా సగమే కనపడుతోంది, బోగీలో అందరం శాలువాలు కప్పుకున్నాం. రైలు సొరంగంలోకి పోయింది, చీకటి. అవతల బయటపడేసరికి ఎండ! పక్కనున్న పెద్దాయన ఏమీ ఎరగనట్టు కిటికీ పైకెత్తి శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వాళ్ళకది రోజూ ఉండేదే. ఆ సొరంగం గట్టు కిందుగా పోతుంది. ఇవతల నైరుతి వాన కురిసే వాలు, అవతల ఊవా ప్రాంతం, పొడిగాలి దిగే వాలు. పాతికేళ్ళు నల్లబోర్డు మీద గాలికి ఎదురుగా ఉన్న వాలు, చాటున ఉన్న వాలు అని బొమ్మ గీసి చెప్పిన పాఠం, అక్కడ ఒక్క నిమిషంలో అయిపోయింది. భూగోళం చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళు, వీలైతే జూన్ నుంచి ఆగస్టు లోపల ఆ రైలెక్కించండి.

ఈ గాలి తేడా టీ రుచిలోకి కూడా వస్తుంది. టీ ఆకు బాగా వాన పడినప్పుడు గబగబా పెరుగుతుంది, దిగుబడి ఎక్కువ, వాసన తక్కువ. పొడిగాలి, పగలు ఎండ, రాత్రి చలి ఉన్నప్పుడు ఆకు నెమ్మదిగా పెరిగి దానిలో సారం చిక్కబడుతుంది. హట్టన్ చుట్టూ ఉన్న డింబుల తోటలు కొండకు పడమటి వైపున ఉన్నాయి, వాటికి ఆ పొడి రోజులు జనవరి నుంచి మార్చి దాకా. ఊవా తోటలు తూర్పు వైపున ఉన్నాయి, వాటికి జులై నుంచి సెప్టెంబరు దాకా. టీ కొనే వ్యాపారులు ఆ నెలల కోసం కాచుకొని ఉంటారు. అంటే జనవరిలో వెళ్ళినవాళ్ళు హట్టన్ వైపు టీ కొనుక్కోవాలి, ఆగస్టులో వెళ్ళినవాళ్ళు ఊవా టీ కొనుక్కోవాలి. విమానాశ్రయంలో రంగు డబ్బా చూసి కొనకండి, అది ఎప్పటి ఆకో తెలియదు.

సరే, ఇప్పుడు మన సెలవుల దగ్గరికొద్దాం. నాకు బాధ కలిగించే విషయం ఇక్కడే ఉంది. మనవాళ్ళు ప్రయాణం పెట్టుకునేది మూడు వేళల్లో. సంక్రాంతికి, పిల్లల వేసవి సెలవులకి, దసరా దీపావళులకి. ఏజెంట్లు ఈ మూడిటికీ ఒకే ప్యాకేజీ అమ్ముతారు. కొలంబో, క్యాండీ, నువర ఎలియ, బెంటోట బీచి, ఐదు రాత్రులు. మా వీధిలో ఒక కుటుంబం జూన్ మొదట్లో ఆ ప్యాకేజీలో వెళ్ళింది. బెంటోటలో రెండు రోజులూ ఒడ్డున ఎర్ర జెండాలు, పిల్లలు హోటల్ వరండాలో కూర్చొని అలలు చూశారు. ఎన్నో ఏళ్ళు కూడబెట్టుకున్న డబ్బు అది. అదే డబ్బుతో అదే వారంలో ట్రింకోమలి వెళ్ళి ఉంటే, సముద్రం పిల్లల నడుములోతులో అద్దంలా ఉండేది. ఈ ఒక్క మాట వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి నుంచి మార్చి చివరి దాకా పడమర, దక్షిణం, కొండలు. దీనిలో అనుమానం లేదు. కొలంబో, బెంటోట, గాలె, మిరిస్స ఒడ్డంతా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మిరిస్స నుంచి నీలి తిమింగలాలు చూడటానికి పడవలు పోయేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకానే. కొండల మీద పగలు తేటగా ఉంటుంది కానీ రాత్రి చలి గట్టిగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరుల్లో నువర ఎలియలో గడ్డి మీద మంచు పేరుకునే తెల్లవార్లు కూడా ఉంటాయి. స్వెటర్ మర్చిపోవద్దు, ముఖ్యంగా పెద్దవాళ్ళు. హోర్టన్ మైదానంలో లోయ అంచుకు పొద్దున తొమ్మిది, పది లోపల చేరుకోవాలి. ఆ తర్వాత మబ్బు లేచి లోయంతా మూసేస్తుంది. ఈ నెలల్లోనే శ్రీపాదం కొండ (ఆడమ్స్ పీక్) యాత్ర కూడా. డిసెంబరు పున్నమి నుంచి మే నెల వైశాఖ పున్నమి దాకా ఐదు వేలకు పైగా ఉన్న ఆ మెట్ల దారంతా దీపాలు, టీ కొట్లు. మిగతా నెలల్లో ఆ కొండ మీద గాలివాన, దారి చీకటి, కొట్లు మూత. ఎక్కొద్దని ఎవరూ ఆపరు, నేను మాత్రం వద్దంటాను.

వేసవి సెలవుల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఏప్రిల్‌లో గాలి ఏ దిక్కునా నిలకడగా ఉండదు, మధ్యాహ్నం దాకా ఎండ, సాయంత్రానికి ఉరుములు. పిడుగులు ఎక్కువ. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళులకూ తమిళులకూ ఉగాది, చుట్టూ కొన్ని రోజులు కొట్లు ఉండవు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నువర ఎలియలో ఆ నెలంతా పూల ప్రదర్శనలు, గుర్రప్పందేలు, గదుల అద్దెలు ఆకాశాన్నంటుతాయి. మే రెండో సగంలో నైరుతి గాలి దిగుతుంది. దిగడమే ఒక్కోసారి ఉగ్రంగా దిగుతుంది. 2016లో, 2017లో వరసగా రెండేళ్ళూ మే నెలలోనే నైరుతి జిల్లాల్లో వరదలు, కొండచరియలు విరిగిపడి ఊళ్ళు పోయాయి. కాబట్టి మే మధ్య నుంచి రత్నపుర, గాలె వైపు ప్రయాణం పెట్టుకోవద్దు.

తూర్పుకు వెళ్ళండి. ట్రింకోమలి, నిలావెలి, ఇంకా కిందికి అరుగం బే, మే నుంచి సెప్టెంబరు దాకా అవి బ్రహ్మాండంగా ఉంటాయి. ఎండ ఉంటుంది, 34, 35 డిగ్రీలు. మే నెలలో 40 దాటే ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకు అదేం లెక్క కాదు. అనురాధపుర, పొలొన్నరువ, సిగిరియ కూడా పొడి ప్రాంతంలోవే, ఆ నెలల్లో వాన అడ్డం రాదు. పొద్దున ఏడింటికల్లా సిగిరియ బండ ఎక్కడం మొదలుపెడితే చాలు. జులై, ఆగస్టుల్లో క్యాండీలో ఎసల పెరహెర ఊరేగింపు, ఆగస్టు చుట్టుపక్కల జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడిలో 25 రోజుల ఉత్సవం. తెలుగువాళ్ళు క్యాండీ ఊరేగింపు పేరు విన్నారు, నల్లూరు గురించి వినలేదు. మురుగన్ అంటే భక్తి ఉన్నవాళ్ళకు అది తప్పకుండా చూడాల్సిన ఉత్సవం.

మీకు నమ్మకం కుదరకపోతే అక్కడి మత్స్యకారులను చూడండి. పడమటి ఒడ్డున నెగొంబో, చిలావ్ వైపు ఉండే కుటుంబాలు కొన్ని, నైరుతి గాలి మొదలయ్యేసరికి వలలూ సామానూ సర్దుకొని తూర్పు ఒడ్డుకు వలసపోతాయి. అక్కడ తాత్కాలికంగా గుడిసెలు కట్టుకొని, ఆ నెలలన్నీ అక్కడే వేటాడి, ఈశాన్య గాలికి ముందు తిరిగి సొంత ఊరికి వస్తాయి. తరతరాలుగా ఇదే వాళ్ళ బతుకు. ఏ ప్యాకేజీ కాగితం కన్నా ఆ పడవలు ఎటు పోతున్నాయో చూసి వెళ్ళడం మంచిది.

దసరా దీపావళులకి మాత్రం వద్దు. నేను ఇంత ఖచ్చితంగా ఇంకే మాటా చెప్పను. అక్టోబరు, నవంబరుల్లో ఏ ఒడ్డూ పొడిగా ఉండదు, దీవి మొత్తం తడుస్తుంది. మధ్యాహ్నం ఉరుముల వాన రోజూ ఉండొచ్చు, దాని మీద వాయుగుండాలు. మన నెల్లూరుకు వాన తెచ్చే అల్పపీడనాలు చాలా వరకు లంకకు తూర్పున, ఆగ్నేయాన మొదలై, ఆ ఒడ్డును తడిపి తర్వాతే ఇటు వస్తాయి. 1978 నవంబరులో బట్టికలోవాను తుఫాను నేలమట్టం చేసింది. 2025 నవంబరు ఆఖరున దిత్వా తుఫాను వచ్చినప్పుడు క్యాండీ, బదుళ్ళ కొండల్లో చరియలు విరిగిపడి వందల ప్రాణాలు పోయాయి. తీరంలో తుఫాను అంటే మనకు తెలుసు. కొండల్లో తుఫాను వేరు, అక్కడ రోడ్డు తెగితే ఎటూ పోలేం. చిన్నపిల్లలతో, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళతో ఆ టెన్షన్ ఎందుకు?

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒకామె: మేడం, అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది లంకలో శాంకరీదేవి కదా. నవరాత్రుల్లో ఆ తల్లిని చూడాలని మా అత్తగారి కోరిక. మీరేమో దసరాకి వద్దంటున్నారు.)

అమ్మా, అత్తగారి కోరిక తీర్చండి. ఆ గుడి ట్రింకోమలిలో కోణేశ్వరం దగ్గర, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున ఉంది. పాత గుడిని 1622లో పోర్చుగీసువాళ్ళు కూల్చేశారు, ఇప్పుడున్నది తర్వాత కట్టుకున్నది. శరన్నవరాత్రులప్పుడు అక్కడ వానల మొదలు. దానికి బదులు ఉగాదితో మొదలయ్యే వసంత నవరాత్రులున్నాయి. మార్చి, ఏప్రిల్‌లో ట్రింకోమలి పొడిగా ఉంటుంది, సముద్రం నెమ్మదిస్తుంది. అవీ అమ్మవారి నవరాత్రులే. పెద్దావిడ మెట్లు ఎక్కేటప్పుడు నేల కాలుతుంది కాబట్టి పొద్దున్నే లేదా సాయంత్రం వెళ్ళండి.

(మధ్యలోంచి ఒక పెద్దాయన: మాది సంగం దగ్గరమ్మా, వ్యవసాయం. వాళ్ళు వరి ఎప్పుడేస్తారు? పైరు పచ్చగా ఉన్నప్పుడు చూడాలని.)

మంచి ప్రశ్న అడిగారు. పొడి ప్రాంతంలో వాళ్ళకు రెండు కార్లు, అంటే రెండు పంటలు. పెద్దది మహా, ఈశాన్య వానలను నమ్ముకొని అక్టోబరు, నవంబరుల్లో నాటి ఫిబ్రవరి, మార్చిల్లో కోస్తారు. రెండోది యల, మే నుంచి ఆగస్టు దాకా, చెరువులో ఉన్న నీళ్ళను బట్టి. మన పెద్ద పైరు, ఎడగారు ఎలాగో అదీ అలాగే. నెలలు కూడా దగ్గర దగ్గరగా కలుస్తాయి. పచ్చని పైరు చూడాలంటే జనవరిలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వెళ్ళండి. నెల మొదట్లో ఇంకా జల్లులుంటాయి, చివరి వారాలు మేలు. చెరువులు కూడా నిండుగా ఉంటాయి. మీరు తప్పకుండా చూడాల్సింది ఆ చెరువులే. మన గొలుసుకట్టు చెరువుల్లాగే పై చెరువు అలుగు నీళ్ళు, పొలం వదిలిన నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మిన్నేరియ చెరువును మహాసేన రాజు మూడో శతాబ్దం చివర్లో కట్టించాడు, ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది. 12వ శతాబ్దంలో మొదటి పరాక్రమబాహు కట్టించిన పరాక్రమ సముద్రం పొలొన్నరువ పక్కనే. తూము దగ్గర ఒక గంట నిలబడండి, మీకు కాలం తెలియదు. కంభం చెరువు కట్ట మీద నిలబడ్డవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది.

(ఒక యువకుడు: ఏనుగులు గుంపుగా వచ్చేది ఆ మిన్నేరియకేనా మేడం?)

అదే. జులై నుంచి సెప్టెంబరు మధ్య చెరువు తగ్గి, అడుగున లేత గడ్డి మొలుస్తుంది. దాని కోసం చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు వందల్లో దిగుతాయి. కాకపోతే ఈమధ్య పైనుంచి కొత్త జలాశయాల నీళ్ళు వదలడంతో కొన్నేళ్ళు చెరువు తగ్గడం లేదు, గడ్డి మొలవడం లేదు, ఏనుగులు పక్క అడవులకు పోతున్నాయి. వెళ్ళేముందు ఆ వారం పరిస్థితి అక్కడి జీపువాళ్ళనడిగి తెలుసుకోండి. చిరుతపులి కావాలంటే యాల అడవి, ఫిబ్రవరి నుంచి జులై దాకా. సెప్టెంబరులో కరువు వల్ల ఆ పార్కు మామూలుగా మూసేస్తారు, అది చూసుకోండి.

(వెనక నుంచి: విమానం టికెట్ కాకుండా ఓడ ఉందంటున్నారు?)

ఉంది. తమిళనాడులో నాగపట్నం నుంచి జాఫ్నా పక్కన కాంకేసంతురైకి. 2023 అక్టోబరులో మొదలైంది. కానీ ఈశాన్య గాలి మొదలైతే సముద్రం బాగుండదని ఆపేస్తారు. కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో దాన్ని నమ్ముకొని గదులు బుక్ చేయకండి. ఓడ కుదరకపోతే చెన్నై నుంచి జాఫ్నాకు నేరుగా చిన్న విమానం ఉంది, గంట, గంటన్నర ప్రయాణం. ఉత్తరం, తూర్పు చూడాలనుకునేవాళ్ళు కొలంబోలో దిగి మళ్ళీ రోజంతా బస్సులో పైకి రావాల్సిన పని లేదు. జాఫ్నాలో దిగి, అక్కడి నుంచి అనురాధపుర, ట్రింకోమలి చూసుకొని, కొలంబోలో విమానం ఎక్కి వెనక్కి రండి.